మ్యాప్‌కి లారీ ఎత్తు తెలీదు: డేటా లేని చోట ‘రోడ్డు క్లియర్’ అనుకుంటే ఎలా?

ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా కెమెరాకి పది పేరాలు, గేమింగ్‌కి ఐదు పేరాలు ఉంటాయి. నావిగేషన్‌కి మాత్రం ఒకటే లైను: "జీపీఎస్ లాక్ వెంటనే పడింది, మ్యాప్స్ బాగా పనిచేశాయి." బైక్ మీదో కారులోనో తిరిగేవాళ్ళకి అది చాలు. కానీ అదే ఫోన్ 4.8 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల వెడల్పు, 100 టన్నుల బరువు ఉన్న ట్రైలర్ క్యాబిన్‌లో హోల్డర్‌కి తగిలించి ఉందనుకోండి. అప్పుడు కూడా ఆ మ్యాప్ అదే నీలం గీత చూపిస్తుంది. మన చిన్న కారుకి ఏ గీత చూపించిందో అదే గీత.

నేను తణుకు వాడిని. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. వీకెండ్ వస్తే రూటింగ్ ఇంజిన్లతో కుస్తీ పట్టడం నాకో పిచ్చి. అందుకని ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద బండికి దారి వెతకడం అల్గారిథమ్ సమస్య కాదు, డేటా సమస్య. అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఇంకోటుంది. డేటా లేని చోట మన యాప్‌లు "నాకు తెలీదు" అనవు, "పోనివ్వండి" అంటాయి.

అసలు ‘పెద్ద బండి’ అంటే ఎంత?

మన మోటారు వాహనాల రూల్స్‌లో దీనికి కొలతలున్నాయి. వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తు, 2020 సవరణ తర్వాత, మామూలు సరుకు లారీకి 4 మీటర్లు, కంటెయినర్ ఎక్కించిన ట్రైలర్‌కి 4.52 మీటర్లు. బరువు సంగతికొస్తే, 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లిమిట్లు పెంచింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కి 10.2 టన్నులు ఉండేది 11.5 అయింది. ట్రాక్టర్-ట్రైలర్ మొత్తం బరువు 55 టన్నుల వరకు ఓకే.

ఈ లెక్కలు దాటే సరుకుని రవాణా వాళ్ళు ‘ఓడీసీ’ అంటారు. ముక్కలు చేయడానికి వీల్లేనివన్నమాట: పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యాక్టరీ బాయిలర్లు, గాలిమర రెక్కలు, వంతెన గర్డర్లు. వీటికి విడిగా అనుమతి తీసుకోవాలి, ముందో వెనకో పైలట్ బండి పెట్టుకోవాలి, ఎక్కువగా ట్రాఫిక్ లేని టైములో కదలాలి.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. మొత్తం బరువు ఎక్కువుంటే రోడ్డు పాడవుతుంది అనుకుంటాం. రోడ్డుకి కావాల్సింది మొత్తం బరువు కాదు, ఒక్కో యాక్సిల్ మీద ఎంత పడుతోంది అన్నది. 1958-60 మధ్య అమెరికాలో చేసిన ఆషో రోడ్ టెస్ట్ నుంచి ఇంజినీర్లు వాడే మోటు లెక్క ప్రకారం, రోడ్డుకి జరిగే నష్టం యాక్సిల్ బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే యాక్సిల్ మీద 20 శాతం ఎక్కువేస్తే నష్టం 20 శాతం కాదు, రెట్టింపు. 100 టన్నుల సరుకుని బోలెడు యాక్సిళ్ళ మీద పరిచిన హైడ్రాలిక్ ట్రైలర్ కంటే, లిమిట్ దాటి ఇసుక నింపిన ఒక టిప్పర్ తారురోడ్డుకి ఎక్కువ హాని చేసే అవకాశం ఉంది.

వంతెన లెక్క వేరే. దానికి మొత్తం బరువూ కావాలి, యాక్సిళ్ళ మధ్య దూరమూ కావాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల కోడ్‌లో 385 టన్నుల ‘స్పెషల్ వెహికల్’ లోడ్ ఒకటి ఉంది. కానీ దానికి షరతులున్నాయి. ఆ బండి వంతెన మధ్యగీతకి దగ్గరగా నడవాలి, గంటకి 5 కిలోమీటర్ల లోపు స్పీడులో పోవాలి, ఆ టైములో వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు. కాబట్టి ‘ఈ వంతెన ఎంత మోస్తుంది’ అన్నదానికి జవాబు ఒక్క అంకెలో రాదు. ఎలా వెళ్తే ఎంత మోస్తుంది అని చెప్పాలి.

మన గోదావరి రోడ్ల మీద ఇది ఎలా ఉంటుంది?

ఏలూరు దాటి గుండుగొలను దగ్గరికి వచ్చిన బండి రాజమండ్రి వైపు పోవాలి. దారులు రెండు. ఒకటి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి వెళ్ళే కొత్త నాలుగు లైన్ల ఎన్‌హెచ్-16. రెండోది తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా పాత హైవే, ఇప్పుడు దాని నంబరు ఎన్‌హెచ్-216ఏ. కారుకి రెండూ ఒకటే, ఏది ఖాళీగా ఉంటే అది. పెద్ద బండికి అలా కుదరదు. పాత దారిలో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి, రెండు పెద్ద వంతెనలు దాటాలి. కొత్త దారిలో గోదావరిని కొవ్వూరు దగ్గర ఒకేసారి దాటితే సరిపోతుంది. కానీ అక్కడ కూడా ఏ వంతెన మీంచి అన్నది ముఖ్యం. 1974 నాటి రోడ్డు-కమ్-రైలు వంతెన మీద భారీ వాహనాలకి ఆంక్షలున్నాయి. 2015లో వచ్చిన కొత్త వంతెన వేరు. మ్యాప్‌లో మాత్రం రెండూ నది మీద గీసిన రెండు గీతలే.

హైవే దిగారా, కథ ఇంకా ముదురుతుంది. నిడదవోలు-భీమవరం రైల్వే లైను తణుకు మీదుగానే పోతుంది, కరెంటు లైను. కరెంటు లైనున్న లెవెల్ క్రాసింగ్ గేటుకి అటూ ఇటూ అడ్డంగా ఒక దూలం వేలాడుతుంది, చూసే ఉంటారు. దాన్ని హైట్ గేజ్ అంటారు. ఎత్తు 4.67 మీటర్లు. 4.52 మీటర్ల కంటెయినర్ ట్రైలర్ దాని కింద నుంచి వెళ్తే మిగిలేది 15 సెంటీమీటర్లు, అంటే మన ఫోన్ పొడవు కంటే తక్కువే. 4.8 మీటర్ల లోడుకి ఆ గేటు లేనట్టే లెక్క. కానీ మ్యాప్‌లో ఆ గేటు దగ్గర ఏ అంకే ఉండదు.

తర్వాత కాలవలు. డెల్టా ఊళ్ళలో ఏ పక్కకి వెళ్ళినా మూడు నాలుగు కిలోమీటర్లకో కాలవ, దాని మీదో వంతెన. కొన్ని కొత్తవి, కొన్ని బాగా పాతవి. కొన్నిటి దగ్గర బరువు బోర్డు ఉంటుంది, కొన్నిటి దగ్గర ఆ బోర్డు మీద సినిమా పోస్టరు ఉంటుంది. అటు కొల్లేరు వైపు పోతే ఏలూరు-కైకలూరు రోడ్డుది ఇంకో తీరు. వానాకాలంలో సరస్సు పొంగితే రోడ్డు మీదికే నీళ్ళు వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదంతా కొల్లేట్లోకి దిగినప్పుడు చూశాం కదా. చేపల లారీకి అక్కడ ఎత్తు సమస్య కాదు, రోడ్డు ఎక్కడుందో కనపడటం సమస్య.

ఇదంతా ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ మోసేవాళ్ళ గోల, మనకెందుకు అనుకోకండి. దాళ్వా కోతలయ్యాక మన ఊరి రోడ్ల మీద వరిగడ్డి ట్రాక్టర్లు చూడండి. తొట్టి కంటే రెండింతలు ఎత్తుగా గడ్డి పేరుస్తారు, పైన ఒకరిద్దరు మనుషులు కూడా కూర్చుంటారు. కిందికి వేలాడే కరెంటు తీగ తగిలితే నిమిషాల్లో మొత్తం లోడు తగలబడిపోతుంది. ఊరేగింపు బళ్ళదీ ఇదే కథ. 2022 ఏప్రిల్‌లో తమిళనాడులోని తంజావూరు దగ్గర కలిమేడులో రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది చనిపోయారు. రథం ఎత్తెంతో అది కట్టినవాళ్ళకి తెలుసు, తీగ ఎత్తెంతో కరెంటు డిపార్ట్‌మెంట్‌కి తెలియాలి. ఆ రెండు అంకెలూ ఒకచోట కలవాలి.

ఇప్పటిదాకా ఎలా నడిపించారు?

మనుషులతో. మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ఓడీసీ హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. భువనగిరి దగ్గర రాయగిరి కొండ రాయి అది. 58 అడుగుల ఏకశిల, వందల టన్నుల బరువు. 1980ల చివర్లో వందకు పైగా చక్రాలున్న ట్రైలర్ మీద హైదరాబాద్ తెచ్చారు. అందుకోసం రోడ్లు వెడల్పు చేయాల్సి వచ్చింది. అన్ని కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం సాఫీగా అయిపోయి, చివర్లో నీళ్ళ మీద 1990 మార్చిలో పంటు ఒరిగి విగ్రహం సాగర్‌లో మునిగింది, ప్రాణాలు కూడా పోయాయి. 1992 డిసెంబరులో గానీ పైకి తీయలేకపోయారు.

ఖైరతాబాద్ గణేశుడు ఇంకో ఉదాహరణ. 2024లో 70 అడుగులు. ప్రతి ఏడూ సైఫాబాద్, తెలుగుతల్లి ఫ్లైఓవర్ మీదుగా ఎన్టీఆర్ మార్గ్‌కి అదే దారి. పోలీసులు, కరెంటు వాళ్ళు, జీహెచ్‌ఎంసీ వాళ్ళు ముందే తిరిగి తీగలు, చెట్ల కొమ్మలు చూసుకుంటారు. ఆ రెండు మూడు కిలోమీటర్ల దారి అన్నేళ్ళ అనుభవంతో పక్కా అయింది.

ఇక అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌కి వెళ్ళిన ఆటోక్లేవ్. 70 టన్నుల యంత్రం. 2019 జులైలో మహారాష్ట్రలో బయల్దేరి 2020 జులైలో చేరింది. దూరం దాదాపు 1,700 కిలోమీటర్లే, పట్టింది ఏడాది! మధ్యలో లాక్‌డౌన్ వల్ల మన ఆంధ్రాలోనే దాదాపు నెల రోజులు ఆగిపోయింది. మిగతా టైమంతా తీగలు తప్పించుకుంటూ, చెట్లు కొట్టుకుంటూ, వంతెనలు చూసుకుంటూ రోజుకి కొద్ది కిలోమీటర్ల చొప్పున నడిచింది. మన రాకెట్లకి కావాల్సిన యంత్రానికి కూడా రోడ్డు మీద దిక్కు కర్ర పట్టుకుని ముందు నడిచే మనిషే.

మా బాబాయ్ ఒకాయన చాలా ఏళ్ళు ట్రైలర్ నడిపాడు. ఓసారి నా లాప్‌టాప్‌లో రూటింగ్ ఇంజిన్ చూపించి, "చూశావా బాబాయ్, లారీ మోడ్ కూడా ఉంది" అన్నాను. ఆయన స్క్రీన్ కాసేపు చూసి, "ఈ కాలవ వంతెన ఎంత మోస్తదో దీనికి తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. "మరి దీని మీంచి ఎందుకు పంపుతోంది? ఒరే అబ్బాయ్, మా లెక్కలో తెలీని వంతెనంటే లేని వంతెనేరా" అన్నాడు.

నా దృష్టిలో ఇది మంచి సాఫ్ట్‌వేర్ డిజైన్ రూల్. మన యాప్‌ల్లో ఉన్నది దీనికి పూర్తిగా ఉల్టా.

కోడ్ రెండు లైన్లే, బగ్ ‘ఖాళీ’లో ఉంది

రూటింగ్ ఇంజిన్‌కి జంక్షన్లన్నీ చుక్కలు, రోడ్లన్నీ గీతలు. ఒక్కో గీతకి ఒక ఖర్చు ఉంటుంది, దూరమో టైమో. తక్కువ ఖర్చు దారి వెతకడానికి డైక్‌స్ట్రా 1959లోనే పద్ధతి రాసిచ్చేశాడు. మనం సెమిస్టర్ పరీక్షల కోసం బట్టీ పట్టింది అదే. పెద్ద బండి కోసం అదనంగా చేయాల్సింది చాలా చిన్న పని: బండి ఎత్తు గీత ఎత్తు లిమిట్ కంటే ఎక్కువైతే ఆ గీత తీసెయ్, బరువుకీ అంతే. మలుపుల దగ్గర పొడవాటి ట్రైలర్ తిరుగుతుందా లేదా అన్నది కొంచెం కష్టమైన జ్యామితి, కానీ అదీ అసాధ్యం కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడిచే వల్హల్లా, గ్రాఫ్‌హాపర్, ఓపెన్‌రూట్‌సర్వీస్ లాంటి ఫ్రీ ఇంజిన్లలో ఎత్తు, వెడల్పు, బరువు ఇచ్చి దారి అడగొచ్చు.

అడిగాను. తణుకు నుంచి ఏలూరుకి 3.8 మీటర్ల ఎత్తుతో ఒకసారి, 4.8తో ఒకసారి. రెండుసార్లూ ఒకే గీత వచ్చింది. ఇంజిన్ తప్పు కాదది. మ్యాప్‌లో ‘మాక్స్‌హైట్’ అనే గడి దాదాపు అంతటా ఖాళీగా ఉంది. గడి ఖాళీగా ఉంటే ఇంజిన్ దాన్ని ‘లిమిట్ లేదు’ అని చదువుకుంటుంది. బగ్ అక్కడుంది. ఖాళీకి, క్లియర్‌కి తేడా తెలీని రూట్ పెద్ద బండికి రూట్ కాదు, జూదం.

గూగుల్‌కి ఇది చేతకాక కాదు. 2017 డిసెంబరులో టూవీలర్ మోడ్‌ని ముందుగా మన దేశంలోనే తెచ్చింది. 2024 జులైలో హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో కార్లని ఇరుకు రోడ్ల నుంచి తప్పించే ఫీచర్ ఇచ్చింది, రోడ్డు వెడల్పుని శాటిలైట్ ఫోటోలు, స్ట్రీట్ వ్యూ నుంచి ఏఐతో అంచనా వేసి. అంటే వెడల్పు వచ్చేసింది. ఎత్తు, బరువు రాలేదు. ఎందుకంటే పైనుంచి తీసిన ఫోటోలో తీగ ఎంత కిందికి వేలాడుతోందో తెలీదు, వంతెన లోపల ఇనుము ఎంతుందో అసలే తెలీదు.

ఆ అంకెలు లేక కాదు. వంతెన బరువు లెక్క ఆర్ అండ్ బీ దగ్గరో ఎన్‌హెచ్ఏఐ దగ్గరో ఉంటుంది. గేటు ఎత్తు రైల్వే దగ్గర. తీగల సంగతి ఈపీడీసీఎల్ దగ్గర. కాలవ వంతెనల్లో కొన్ని ఇరిగేషన్ దగ్గర. నాలుగు ఆఫీసుల్లో నాలుగు ఫైళ్ళు. వాటిని కలిపే మనిషి ఒక్కడే, లారీ డ్రైవరు.

"తప్పు అంకె పెడితే ప్రాణం పోదా?"

ఇది న్యాయమైన అభ్యంతరం, దాటేసి వెళ్ళలేను. జనం ఎక్కించిన డేటాలో తప్పులుంటాయి. పైగా అంకె సరైనదే అయినా పాతబడిపోతుంది. అండర్‌పాస్ బోర్డు మీద 4.5 మీటర్లు అని ఉంటుంది, కింద రోడ్డు మీద రెండుసార్లు తారు పొర వేస్తారు. బోర్డు మారదు, ఎత్తు మాత్రం తగ్గిపోతుంది. తీగలైతే ఎండాకాలంలో వేడికి సాగి ఇంకా కిందికి దిగుతాయి.

అందుకే నేను అడిగేది ‘యాప్ చెప్పింది కదా అని తోలెయ్యండి’ అని కాదు. ప్రతి అంకె పక్కనా రెండు వివరాలు ఉండాలి: ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు. ఓడీసీకి మనుషులు తిరిగి చేసే రూట్ సర్వే ఎప్పటికీ ఉండాల్సిందే. యాప్ పని, పది దారుల్లో ఎనిమిది పనికిరావని ముందే తేల్చేసి, మిగిలిన రెండిట్లో ఎక్కడెక్కడ దిగి చూడాలో చెప్పడం.

బోర్డు ఒక్కటీ చాలదా అంటారా? అమెరికాలో డర్హమ్ ఊళ్ళో ‘11 అడుగుల 8 అంగుళాల వంతెన’ వీడియోలు మీరూ చూసే ఉంటారు. బోర్డులు పెట్టారు, లైట్లు పెట్టారు, అయినా లారీలు వచ్చి గుద్దుకుంటూనే ఉన్నాయి. 2019లో వంతెనని 8 అంగుళాలు పైకి లేపినా గుద్దుళ్ళు ఆగలేదు. వంతెన ముందుకొచ్చాక కనిపించే అంకె చాలా లేటు. బయల్దేరే ముందు కనిపించాలి.

నేను కోరుకునేవి మూడు

ఒకటి, మ్యాప్ యాప్‌లకి. ‘నా బండి’ అనే సెట్టింగ్‌లో ఎత్తు, వెడల్పు, బరువు, యాక్సిళ్ళు ఇచ్చే వీలు పెట్టండి. డేటా లేని ముక్కని నీలంలో కాకుండా బూడిద రంగులో చూపించి ‘ఇక్కడ ఎత్తు తెలీదు’ అని రాయండి. కొత్త డేటా ఒక్కటి కూడా అక్కర్లేదు, తెలీదని ఒప్పుకుంటే చాలు. నన్నడిగితే ఏఐ వాయిస్ అసిస్టెంట్ కంటే ముందు రావాల్సిన ఫీచర్ ఇదే.

రెండు, ప్రభుత్వానికి. వంతెనల బరువు లిమిట్లు, అండర్‌పాస్‌ల ఎత్తులు, గేట్ల హైట్ గేజ్‌లు, ఇవన్నీ రోడ్డు పక్కన బోర్డు మీద రాసే సమాచారమే, రహస్యం కాదు. దాన్నే జిల్లాకో ఓపెన్ ఫైలుగా పెట్టి, మారినప్పుడల్లా అప్‌డేట్ చేస్తే చాలు. మిగతా పని కోడ్ రాసేవాళ్ళు చూసుకుంటారు.

మూడు, మనకి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకోండి. ఫ్రీ, యాడ్స్ లేవు. మ్యాప్ మీద ఖాళీగా ఉన్న గడుల్ని ప్రశ్నలుగా చూపిస్తుంది: ‘ఈ వంతెన దగ్గర బరువు లిమిట్ బోర్డు ఉందా? ఎంత?’ అని. బోర్డు మీద ఉన్న అంకె కొట్టండి, అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్ళిపోతుంది. బోర్డు లేకపోతే లేదనే పెట్టండి, ఊహించి మాత్రం అంకె వేయకండి. అండర్‌పాస్ ఎత్తు మీరే కొలవాలనుకుంటే ఫోన్ మెజర్ యాప్‌ని నమ్ముకోకండి. ప్రో ఐఫోన్లలో ఉండే లైడార్ కూడా ఐదు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. చిన్న లేజర్ మీటర్ నయం. కరెంటు తీగల జోలికి మాత్రం వెళ్ళొద్దు. టేపుతో గానీ కర్రతో గానీ ఎప్పుడూ కొలవకండి, అది లైన్‌మన్ పని.

ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు ఒక ఆదివారం బైకులేసుకుని తిరిగితే ఒక మండలంలో ఉన్న వంతెన బోర్డులన్నీ మ్యాప్‌లోకి ఎక్కిపోతాయి. నేను తణుకు వచ్చినప్పుడల్లా కొన్ని ఎక్కిస్తున్నాను. ఉండ్రాజవరం వైపు, అత్తిలి వైపు కాలవల మీద ఇంకా చాలా మిగిలాయి. మీది ఆ పక్కే అయితే వచ్చే ఆదివారం ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని బయల్దేరండి. పోస్టరు అతికించిన బోర్డు కనిపిస్తే ముందు ఆ పోస్టరు పీకండి.